ఓజెల్లా ప్రూయిట్ పేరు చదివిన ఆదివారం

డెట్రాయిట్,
ఫిబ్రవరి 28, 2019.

లువీనియా అక్కకు,

నీ తమ్ముడు రోజెల్ దండాలు పెట్టి రాస్తున్నాను. నా మోకాళ్ళను పక్కన పెడితే ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మోబీల్‌లో నువ్వూ, నీ మనవరాలు టమీకా కూడా సుఖంగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. అదే రోజు జవాబు రాద్దామని కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. మూడు రోజులుగా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని నీ మరదలు డెల్ఫీన్ విసుక్కుంటోంది.

ముందు నీ ప్రశ్నల్లో తేలికైనవాటికి జవాబులు. కప్పు కారడం ఆగింది. అమ్మ టోపీల పెట్టె నా దగ్గరే భద్రంగా ఉంది. అందులోని ఊదారంగు టోపీని మాత్రం డెల్ఫీన్ చర్చికి పెట్టుకు పోతోంది, ఆ సంగతి నేను చెప్పానని అనకు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ఆకుకూరలో పొగబెట్టిన టర్కీ మాంసం కూడా వెయ్యకూడదట. అది లేనప్పుడు ఆకుకూర తినడం ఎందుకో ఆయన చెప్పలేదు.

టమీకా ఫోన్లో నా రేడియో కార్యక్రమం విని, గొంతు ఎందుకు బొంగురుపోయిందని అడిగావు. జలుబు కాదక్కా. ఆదివారం చర్చీలు వదిలాక రెండింటి నుంచి నాలుగింటి దాకా నా కార్యక్రమం. మొదట పోయినవాళ్ళ పేర్లు చదివి, వాళ్ళ పాటలు వేస్తాను. మొదలుపెట్టినప్పుడు నెలకొక పేరు ఉండేది. ఈ చలికాలంలోనే పదకొండు మంది వెళ్ళిపోయారు. మనతో బేస్‌బాల్ ఆడిన డ్రమ్మర్ క్లీవన్ పోయాడు. చర్చిలో ఆర్గన్ వాయిస్తూ రాత్రిళ్ళు క్లబ్బుల్లోనూ వాయించి పాస్టరు చేత తిట్లు తిన్న హోబర్ట్ పోయాడు. పక్క ఊరు ఇప్సిలాంటిలో చెవులు చిల్లులు పడేలా గిటారు మోగించిన ఆ పొడుగు జుట్టు తెల్లవాడు కూడా పోయాడు. అరవైల్లో ఈ ఊరిని ఊపేసినవాళ్ళంతా ఇలా వరస కట్టి వెళ్ళిపోతుంటే నాకు దిగులుగా ఉంది, భయంగానూ ఉంది. ఫోను మోగితే డెల్ఫీన్ "ఎవరు?" అని అడగడం మానేసింది. "ఎవరు పోయారు?" అని అడుగుతోంది.

ఇక నీతో పాడిన ఓజెల్లా గురించి నువ్వడిగినవి. గులాబీరంగు గౌనులోనే సాగనంపారా, ఎవరు పాడారు, నీ పూలు ఏ చర్చికి పంపాలి అని రాశావు. అక్కా, నిలబడి చదువుతుంటే ముందు కూర్చో.

ఓజెల్లా చనిపోలేదు.

తప్పు నాదే. బంధువుల్లో ఒకరితోనైనా మాట్లాడకుండా ఎవరి పేరూ చదవనని నేను ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకున్నానో నీకు తెలుసు. ఆ వారం నా చేతిలో నాలుగు పేర్లు ఉన్నాయి. అలిసిపోయి ఉన్నాను. క్లీవ్‌లాండ్ పేపర్లో "లైలాక్స్ గాయని ఓజెల్లా ప్రూయిట్ మృతి" అని చూశాను, చదివేశాను. మీ ముగ్గురి లైలాక్స్ బృందాన్ని నువ్వు వదిలి వెళ్ళిన మరుసటి ఏడాది మేనేజరు ఓజెల్లాను కూడా పంపేసి, అవే గౌన్లు వేరే అమ్మాయిలకు తొడిగి, అవే పేర్లతో ఊళ్ళు తిప్పాడు కదా. ఆ అమ్మాయిల్లో ఒకరు ఓజెల్లా పేరుతోనే నలభై ఏళ్ళు సంతల్లోనూ విహార ఓడల మీదా పాడిందట. పోయింది ఆవిడ. అసలు పేరు జానెట్ కూపర్. పాపం, చివరికి ఆమె చావు కూడా ఇంకొకరి పేరు మీదే అచ్చయింది.

ఆ మర్నాడు టొలీడోలోని వృద్ధాశ్రమం నుంచి ఫోను.

"ఒరేయ్ రోజెల్, నేనెప్పుడు పోయానో కాస్త చెబుతావా? నిన్న మధ్యాహ్నం భోంచేసేటప్పుడు బాగానే ఉన్నానే!"

ఆ గొంతు పోల్చుకున్నాను. "ఓజెల్లక్కా?" అన్నాను.

"ఆఁ, అక్కనే. ఇక్కడి ఆయాలు నేను దగ్గితే చాలు, ఉలిక్కిపడి చస్తున్నారు."

"తప్పయిపోయిందక్కా. ఇప్పుడే రేడియో స్టేషనుకి పోయి చెప్పేస్తాను."

"నిన్నెవడు చెప్పమన్నాడు? నోర్మూసుకో. నా పాటలు రేడియోలో గంటసేపు విని ఎన్నేళ్ళయిందో తెలుసా? ఎవరో బస్సు డ్రైవరు, నా పాట వినిపించే తన భార్యను పెళ్ళికి అడిగానని నీ కార్యక్రమానికి ఫోన్ చేసి ఏడ్చాడు చూడు! బతికున్నన్నాళ్ళూ ఒక్కడూ వెయ్యలేదు. నువ్వు మాత్రం వేశావా?"

వెయ్యలేదు లువీనియా అక్కా. నీకు కోపం వస్తుందని పదిహేనేళ్ళుగా ఆమె పాడినవి పక్కన పెట్టాను.

"ఇంకో రెండు ఆదివారాలు నన్నలా పోయి ఉండనివ్వరా. జనం ఏమంటారో వింటాను. తర్వాత నీ ఇష్టం" అంది. ఒప్పుకున్నాను. అబద్ధమని తెలిసి మైకు ముందు కూర్చోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి.

ఇంతవరకూ నా తప్పు సగమే చెప్పాను. మిగతా సగం రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోన్లో చెబితే సగంలోనే పెట్టేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నీ ఉత్తరం చివరి పేజీ చదివి పొయ్యిలో వేసెయ్యమన్నావు, ఎవరికీ చూపించొద్దన్నావు. పోస్టరు మీద మేనేజరు ఆమె పేరొక్కటే పెద్దక్షరాల్లో వేయించాడన్న కోపంతో డేటన్‌లో బస్సు దిగిపోతూ, "నీకు గౌను ఉంది గానీ గొంతు లేదు" అన్నానని రాశావు. అది పచ్చి అబద్ధమని, మీ పాట చివర జనం నిన్ను మెచ్చుకునే ఆ తారస్థాయి నిజానికి ఓజెల్లాదేనని, యాభై ఏళ్ళుగా ఆ మెప్పు నువ్వు తింటున్నావని రాశావు. ఇక చెప్పుకోవడానికి మనిషే లేదని ఏడ్చావు. నాకూ ఏడుపు వచ్చింది.

మంగళవారం డెల్ఫీన్ చేసిన పౌండ్ కేకు పట్టుకుని టొలీడో వెళ్ళాను. ఓజెల్లక్క ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. అయినా పెదాలకు రంగు వేసుకుని కూర్చుంది. నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, "లువీనియా విన్నదా?"

అక్కా, ఆ ఉత్తరం నా కోటు జేబులోనే ఉంది. తీసి చదివేశాను. నీ మాట మీరాను. ఎంత తిట్టినా పడతాను.

ఆమె కళ్ళు మూసుకుని వింది. "మళ్ళీ చదువు" అంది. చదివాను. కళ్ళు తెరిచి, "ఈ ముక్క దాని నోట రావడానికి నేను చావాల్సి వచ్చిందన్నమాట" అంది. నవ్వబోయి దగ్గు తెచ్చుకుంది. నేను నీళ్ళు పట్టాను.

"అయినా అది రాసింది తప్పురా. రికార్డింగు రోజు నాకు గొంతు పట్టేసింది. మైకు ముందు ఊరికే పెదాలు కదిపాను. ఆ తారస్థాయి దానిదే. అది నాదేననుకున్నవాళ్ళ మెప్పు నేను కూడా యాభై ఏళ్ళు తిన్నాను, కాదనలేకపోయాను. చెప్పు దానికి."

"నువ్వే చెప్పు" అన్నాను.

"నా ఫోను తీస్తుందా?" అంది. ఎప్పుడూ ఎవరికీ తగ్గని మనిషి, ఆ మాట చిన్నపిల్లలా అడిగింది.

మీ ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు తెలియదు. ఒకే మైకు ముందు ముగ్గురూ తలలు ఆనించి పాడారు. చనిపోయి ఇరవై ఏళ్ళయిన మీ మూడో గాయని డాటీదేనేమో, ఆమె మాత్రం ఏనాడూ ఏమీ అనలేదు.

వచ్చేటప్పుడు వరండాలో నర్సు నన్ను ఆపి, గుండె బాగా బలహీనపడిందని, ఈస్టరు దాకా ఉంటే గొప్పేనని చెప్పింది. ఓజెల్లక్కకూ తెలుసు. "ఈసారి కాస్త కనుక్కుని చదవరా" అని నాకు బుద్ధి చెప్పి పంపింది. నీ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు, ఆమె అడిగి తీసుకుంది.

మార్చి పదిన, ఆదివారం, నా తప్పు ఒప్పుకుంటాను. ముందు జానెట్ కూపర్ పేరు, ఆమె సొంత పేరు, చదువుతాను. ఆ తర్వాత ఓజెల్లా బతికే ఉందని చెబుతాను. టమీకా ఫోన్లో అది విని నువ్వు కుప్పకూలకూడదనే ఇప్పుడు రాస్తున్నాను. స్టేషనువాళ్ళు నన్ను పంపేస్తే పంపేయనీ.

మూడింటికి ఓజెల్లక్క టొలీడో నుంచి ఫోన్లో మాట్లాడుతుంది. స్టూడియోలో మాకు రెండు లైన్లు ఉన్నాయి. ఒకటి ఆమెది. రెండోది ఆ గంటసేపూ ఎవ్వరికీ ఇవ్వను.

ఇట్లు,
నీ మాట మీరిన,
నీ తమ్ముడు
రోజెల్