సిసా నేసిన అంగీ

నాన్నకు, అమ్మకు దండాలు. కుస్కోలో, దొర నేతశాలలో నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకండి.

నేను నేసిన అంగీని ఇన్కా దొర సూర్యుడి పండుగకు తొడుక్కున్నారు. అది నచ్చకపోతే నన్ను మగ్గం మాన్పించి వంటశాలకు పంపేవారే. నాతోపాటు నేసే ఒక ఊరిపెద్ద కూతురు ఉర్పి, "లామాలు కాసేవాడి పిల్ల నేసింది దొర ఒంటికా?" అని నవ్వింది కూడా. మాకు నేత నేర్పే పెద్దమ్మ అంగీని అటూ ఇటూ తిప్పి, "ఏది లోపలో ఏది పైనో నువ్వు చెప్పవే, చూద్దాం" అంది. రెండు వైపులా నేత ఒక్కలాగే ఉండేసరికి ఉర్పి చెప్పలేకపోయింది.

తెల్ల లామా ఈనిందా? చెల్లి దారం సన్నగా వడుకుతోందా? ఈ కబురు తెచ్చినతనికి మొక్కజొన్న కల్లు పోయండి.

దొర తొడుక్కున్న బట్ట ఇంకెవరూ తాకకూడదు గనుక ఆనవాయితీ ప్రకారం అంగీని కాల్చేశారు. మీకు చూపడానికి పోగైనా మిగల్లేదు. ఊళ్లోవాళ్లకు నాన్నే చెప్పాలి.

మీ సిసా