నలభై ఏడో నంబరు

5 ఫిబ్రవరి 2018, నమాకా

డైరీ తెలుగులో రాస్తున్నాను. ఆజీ, అంటే మా నాన్నమ్మ, రామాయణం ముందు పెట్టుకుని నేర్పిన అక్షరాలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి. ఈ ఫ్లాట్‌లో నాతో ఉండే మీరాకి హిందీ, ఇంగ్లీషు తప్ప రావు. ఇక్కడ ఎంత ఏడ్చినా ఎవరికీ తెలియదు.

ఇద్దరం ఈరోజు ఈ దీవుల మధ్య విమానాలు నడిపే ఒకే కంపెనీలో పైలట్లుగా చేరాం. పక్కపక్కన కూర్చుని సంతకాలు పెట్టాం. సాయంత్రం సీనియారిటీ లిస్టు అంటించారు. మీరా 47. నేను 48, అందరికన్నా కింద.

ట్రైనింగ్‌లో మార్కులు నాకే ఎక్కువ. అయినా ఒకే రోజు చేరినవాళ్లలో వయసులో పెద్దవాళ్లే పైన ఉంటారట. ఆమె పుట్టింది 1993 సెప్టెంబరు 12న. నేను 21న. తొమ్మిది రోజులు! లీవు, రూటు, జెట్, కెప్టెన్ సీటు, అన్నీ ఆ నంబరు వరసలోనే. నేను రిటైరయ్యేదాకా ముందు ఆమెని అడిగి, ఆమె వద్దన్నదే నాకిస్తారన్నమాట.

6 ఫిబ్రవరి

మీరా టీ పెట్టి ఇచ్చింది. చక్కెర ఎక్కువైంది.

6 నవంబరు 2018

దీపావళి. లీవు ఒక్కరికే ఇస్తామన్నారు. ఇంకెవరికి, 47కే. ఆమె రాజధాని సువాలో వాళ్ల లాయరు నాన్న ఇంట్లో దీపాలు పెడుతుంటే నేను నాలుగు ఫ్లైట్లు తోలాను. ఫొటోలు పంపింది. చీర బాగుంది. ఏం చేసుకుంటాం.

14 మార్చి 2019

లబాసా రూటులో ఒక్క సీటు ఖాళీ అయింది. లబాసా నాది. మా ఊరు టాబియా పక్కనే. చెరుకు తోటల మీదుగా దిగే ఆ విమానాలని చూసే నాకు పైలట్ అవ్వాలని పిచ్చి పట్టింది. ఆ సీటు మీరా తీసుకుంది!

నీకు కావాలని నాకేం తెలుసు, ఒక్క మాట అడగాల్సింది యార్ అంది. అడుక్కోవాలా నేను?

2 ఏప్రిల్

మీరా లబాసాలో దిగితే మా ఆజీ ఎయిర్‌పోర్టు కంచె దగ్గర బంతిపూల దండ పట్టుకుని నిలబడిందట. నా స్నేహితురాలు కదా అని దాని మెడలో వేసిందట. నాకోసం ఇచ్చిన మామిడికాయ అచార్ సీసా మీరా భద్రంగా తెచ్చింది. మూత తియ్యలేదు.

28 డిసెంబరు 2019, టాబియా

సంతోషం పట్టలేక అర్ధరాత్రి లేచి రాస్తున్నాను.

రాత్రి భోజనాల దగ్గర తొమ్మిది రోజుల సంగతి చెప్పి ఏడ్చాను. ఆజీ పకపకా నవ్వింది. అరే, నువ్వు కిష్నాష్టమికే పుట్టినావు బేటీ, ఈ చేత్తోనే పోసిన నీకు నీళ్లు, అంది. అప్పుడు చెరుకు కోత, మీ నాన్నకి ఫుర్సత్ లేకుండె, కోత అయినంకనే లబాసా పోయి నీ పుట్టుక రాయించినాడు, అంది.

అంతే మరి! టాబియాలో సగం మందికి కాగితం మీద ఒక పుట్టినరోజు, అసలుది ఇంకొకటి. ఆ ఏడు కృష్ణాష్టమి ఆగస్టు 11న వచ్చింది. మీరా కన్నా నెల పెద్దదాన్ని.

అమ్మ ఉంటే సాక్ష్యం చెప్పేది. నాన్నని అడిగాను. కంచంలో చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

30 డిసెంబరు

అఫిడవిట్లు ధ్రువీకరించే జేపీ దగ్గర, నా పుట్టినతేదీ మార్చే కాగితం మీద ఆజీ వేలిముద్ర వేసింది. నాన్న రాలేదు. ఆజీ ముద్ర చాలన్నారు.

5 ఫిబ్రవరి 2020, నమాకా

కొత్త లిస్టు. నేను 47! మీరా 48!

అసలు డేట్ దొరికింది కదా, మంచిదేలే అంది మీరా. టీ కూడా పెట్టింది. ఇవాళ చక్కెర సరిపోయింది.

25 మే 2020

వైరస్ దెబ్బకి విమానాలన్నీ నేల మీదే ఉన్నాయి. ఉద్యోగాలు కింది నుంచి తీసేస్తున్నారు. మా లిస్టులో కోత 48 దాకా వచ్చి ఆగింది. మా తర్వాత చేరిన పది మందీ, మీరా పోయారు. నాది ఉంది.

నేనే కదా మిగిలింది. మీరా గది తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

31 మే

మీరా డ్రెకేటి వెళ్లిపోయింది. వాళ్ల మామూకి అక్కడ వరి పొలం ఉందట, నాట్లకి మనుషులు కావాలట. యూనిఫాం మడిచి నా అలమరలో పెట్టింది. మళ్లీ పిలిస్తే అప్పుడు తీసుకుంటానంది. ఒక్కసారైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

19 జులై

మీరా రూటు నాకొచ్చింది. పైలట్‌గా లబాసాలో మొదటిసారి దిగాను. ల్యాండింగ్ వెన్నలా కుదిరింది. కంచె దగ్గర దండ లేదు. నాన్న ఒక్కడే ఉన్నాడు. ఇరవై నిమిషాలే టైమ్ అన్నాను. చాలన్నాడు.

కృష్ణాష్టమికి పుట్టింది నేను కాదట. నాకు ముందు ఏడాది పుట్టిన అక్కట. నాకో అక్క ఉందని ఇరవై ఆరేళ్లుగా ఎవరూ చెప్పలేదు. ఆరు రోజులు బతికిందట. అప్పుడు కోత జోరుగా ఉంది, కోత కూలీల గ్యాంగుని వదిలి నాన్న రాయించడానికి లబాసా వెళ్లలేదు. ఆమె పుట్టినట్టు ఒక్క కాగితమూ లేదు. ఆజీకి ముసలితనంలో ఇద్దరం ఒక్కటైపోయాం.

నేను పుట్టిన రోజున మాత్రం నాన్న చెరుకు కత్తి పొలంలోనే పారేసి, కాల్చిన చెరుకు మసి ఒంటితోనే బస్సెక్కి లబాసా వెళ్లి రాయించాడట. సెప్టెంబరు 21 నిఖార్సయిన డేటట.

అప్పుడే ఎందుకు చెప్పలేదని అరిచాను. అటు ప్యాసింజర్లు ఎక్కుతున్నారు. తప్పే బేటీ అన్నాడు. ఆ పాప రోజు కూడా ఒక సర్కారు కాగితం మీదికి ఎక్కుతుందిలే అనుకున్నాను, అన్నాడు. దాని మీద ఇంకొకరి రొట్టె పోతుందని నాకేం తెలుసు, అన్నాడు.

తిరుగు ఫ్లైట్‌లో కెప్టెన్ రెండుసార్లు పిలిస్తే గానీ పలకలేదు నేను.

20 జులై

కంపెనీకి లెటర్ రాశాను. నా నంబరు 48 అని, వెళ్లాల్సింది నేనని. బ్యాగులో పెట్టుకున్నాను. రేపు ఇస్తాను.

21 జులై

ఆఫీసు దాకా వెళ్లాను. లంచ్ టైమ్ అన్నారు. కాసేపు ఆగితే అయిపోయేది.

3 ఆగస్టు

ఇవాళ కూడా లబాసా. దిగేటప్పుడు పైనుంచి మా పొలం కనిపించింది.

11 ఆగస్టు, కృష్ణాష్టమి

పొద్దున్నే డ్రెకేటి నుంచి మీరా మెసేజ్. హ్యాపీ బర్త్‌డే, శోభనా.

థాంక్యూ అని పంపాను.