బానెట్ కింద దొరికిన చేతిరుమాలు

శుక్రవారం, రాత్రి

కారు ఇంజనంతా తడిగా, జిడ్డుగా ఎందుకుంటోందో ఈరోజు తెలిసింది. నెల రోజులుగా మా ఆయన తప్పంతా నాదేనంటున్నాడు. పోయిన ఆదివారం చర్చి బయట వాళ్ళక్క ముందు కూడా, "ఆడోళ్ళ చేతికి బండిస్తే ఇంతే గదక్కా, ఇంజను నూనె కక్కతా ఉండాది" అని నవ్వాడు. వదిన కూడా నవ్వింది.

సాయంత్రం స్కూలు వదలగానే దుత్తలూరు నుంచి నేరుగా ఆత్మకూరు వెళ్ళి మెకానిక్‌కి చూపించాను. ఆ పెద్దాయన బానెట్ ఎత్తి, "ఆయిల్ పోసే చోట మూతే లేదు మేడం. ఎవురో గుడ్డ కుక్కినారు. దాంట్లోంచి చిమ్మతా ఉండాది" అన్నాడు.

లాగితే వచ్చింది చేతిరుమాలు. మూలన నీలం దారంతో రోజా పువ్వు. వదిన తన తమ్ముడికి, అంటే మా ఆయనకి, కుట్టిచ్చింది. పోయిన నెల ఆయిల్ పోసింది ఆయనే. మూత పారేసుకుని, చెప్పుకోవడానికి నామోషీ పడి, రుమాలు కుక్కేశాడు.

ఎగతాళి సరే. మొన్న ఉదయగిరి రోడ్డు మీద ఇంజన్లోంచి పొగ వస్తే ఒక్కదాన్నే దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినా ఆయన మూత సంగతి బయటపెట్టలేదు. తెలిసీ మర్నాడు మళ్ళీ అదే కారులో పంపాడు. అది తలుచుకుంటే...

కొత్త మూత వేయించాను. ఇంట్లో ఏమీ అనలేదు. రుమాలు ఉతకలేదు. కవర్లో చుట్టి బైబిలు సంచిలో పెట్టాను. ఎల్లుండి ఆరాధన అయ్యాక వదిన పక్కన నిలబడి ఆయన మళ్ళీ మొదలుపెడతాడు. అప్పుడు "చెమట పడతా ఉండాది, తుడుచుకోండి" అని నేనే అందిస్తాను.