అలసట ఎరగని వదిన

ఒరే చిన్నోడా,

క్షేమమా అని అడగను. మొన్న నీ ఉపన్యాసం ఫోనులో విన్నాను, నీ ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయి. నా చేతుల వణుకు నీకు తెలిసిందే కనుక ఎప్పటిలాగే చెప్పేది నేను, రాసేది మీ వదిన. తన గురించిన మాటలు తాను రాయనని మొరాయించింది. "నీ గురించి కాదోయ్, వాడి గురించి. రాయి" అన్నాను.

దీర్ఘరోగుల్ని ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్ళకి సన్మానం చేద్దామని మీ సంఘం తలపెట్టింది. నువ్వు అధ్యక్షుడివి. మంచిదే. మీ వదిన ముందే కబురు పెట్టింది, తను రావాలంటే ఆ పూట నా దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలని. నువ్వేమన్నావు? "అందరం సభలోనే ఉంటాం కదా వదినా, ఎవర్ని పంపను?" అన్నావు. తీరా చూస్తే వేదిక మీద సేవ చేసే మనిషి ఒక్కరూ లేరు. అందరి తరఫునా బావమరుదులూ మేనల్లుళ్ళూ జ్ఞాపికలు పుచ్చుకుని పళ్ళికిలించారు. అసలువాళ్ళు ఇళ్ళల్లో పక్కబట్టలు మారుస్తున్నారు. పెళ్ళికూతుర్ని అంట్లు తోమడానికి కూర్చోబెట్టి పెళ్ళి జరిపించార్రా మీరు!

నాకు చదువు అబ్బింది బడిలో కాదు, బోర్డులు రాసే నిచ్చెన మీద. ఒకసారి ఒక హోటలు యజమాని 'శుభ్రతే మా ఊపిరి' అని గోడంతా రాయించుకున్నాడు. గోడ వెనకాల వంటగదిలో ముక్కు మూసుకోవాలి. "అయ్యా, ఇదే రంగు లోపల వేయిద్దాం, అక్షరాలు తగ్గిద్దాం" అన్నాను. "లోపలికి ఎవరొచ్చి చూస్తారయ్యా" అన్నాడు. ఆ మహానుభావుడు ఎలా పోయాడో కూడా చెప్పేవాణ్ణి కానీ, మీ వదిన కలం కింద పెట్టేస్తానంటోంది. సరే, నీ సంగతికొస్తాను. నువ్వు చేసిందీ గోడ మీద రాతే.

పైగా ఆ మాటొకటి! "మా వదిన అలసట ఎరగని మనిషి" అట. నీకెవరు చెప్పార్రా? నన్ను కుర్చీలోంచి మంచం మీదికి చేర్చాక గోడకి చేరబడి కళ్ళు మూసుకుంటుంది. నేను చూడటం లేదనుకుంటుంది. మంచినీళ్ళు గబుక్కున తాగితే నాకు పొలమారుతుందని, డాక్టరిచ్చిన పొడి వేసి చిక్కగా కలిపి చెంచాతో పోస్తుంది. ఆలోగా తన టీ చల్లారిపోతుంది. అలసట ఎరగదని మైకులో చెప్పావంటే, ఇక ఎవరూ చెయ్యి వెయ్యక్కర్లేదని తీర్పు ఇచ్చేసినట్టే. పొగడ్త కాదురా అది, తప్పించుకునే దారి.

సభ అయ్యాక వచ్చి, నా మందుసీసాలు పక్కకి నెట్టి ఆ గాజు జ్ఞాపిక పెట్టావు. దవడ వాచిన మనిషి చేత టీ పెట్టించుకున్నావు. "నవ్వవేం వదినా?" అన్నావు. "పన్ను పీకించుకోవాలి, కదలడానికి కుదరటం లేదు" అంది. "లవంగం పెట్టుకో" అని చెప్పులేసుకున్నావు. డాక్టరువి కూడా నువ్వే!

మీ వదినకి క్షమాపణ చెప్పేదాకా నా గడప తొక్కకు. నీ మొహం నాకు చూపించకు.

నిన్ను చంకనేసుకుని తిరిగిన ఖర్మానికి,
అన్నయ్య


మరిదీ,

మీ అన్నయ్య చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇక ఇది నా మాట. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పైకి చదువుతూ రాస్తున్నాను.

నీ మీద నాకూ కోపమే. అయితే ఆయన ఒకటి మింగేశారు. పోయిన నెల కింది వాటాలో ఉండే టైలరమ్మ, "నేను చూసుకుంటాను, వెళ్ళిరా అక్కా" అని నన్ను పంటి డాక్టరు దగ్గరికి పంపింది. నా వంతు వచ్చేలోపే ఫోను. ఈయన పళ్ళు బిగబట్టి మందు పుచ్చుకోలేదట, చెంచా తోసేశారట. పరాయి చేత్తో తాగరట! బెంచీ మీంచి లేచి పరుగెత్తుకొచ్చాను. వచ్చేసరికి "నువ్వుంటేనే నాకు ధైర్యం" అన్నారు. అది ప్రేమే, కాదనను. కానీ నీ మైకు నన్ను ఎలా కట్టేసిందో ఆ ప్రేమా అలాగే కట్టేసింది. ఒకరు మహాతల్లి అంటారు, ఇంకొకరు నువ్వు తప్ప దిక్కులేదంటారు. నా పన్ను మాత్రం నా నోట్లోనే ఉంది.

క్షమాపణ నాకొద్దు, దాంతో నేనేం చేసుకోను? బుధవారం పొద్దున్నే రా. చెంచా ఎలా పట్టాలో, ఆయన్ని ఎలా లేపాలో చూపిస్తాను. ఆ తర్వాత ప్రతి బుధవారం మధ్యాహ్నం దాకా నువ్వే. పన్ను పని అయిపోయినా సరే, ఆ పూట నేను ఇంట్లో ఉండను. ఎక్కడికి వెళ్తానో అన్నదమ్ములిద్దరికీ చెప్పను.

ఇదంతా విని ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు. అటే చూస్తూ, "వాడి చేత్తోనా?" అన్నారు.

"వాడి చేత్తోనే" అన్నాను.

"అయితే, చేతులు కడుక్కు రమ్మని రాయి."

కడుక్కుని రా.

మీ వదిన