పంపు చెయ్యి

విశాఖపట్నం,
9-11-2024.

చిరంజీవి తిరుమలరావుకు, మీ బావ శివరామకృష్ణ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి. రాయలేను.

మీ అక్క మంగ పోయాక, నీ డ్రిల్లింగ్ కంపెనీ రిపోర్టు కోసం కాలుష్యం ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. నిన్న వచ్చింది. హార్బరు వెనక ఆయిలు ట్యాంకుల చుట్టూ మట్టిని, నీటిని పరీక్షించడానికి మీరు వేసిన బోర్లన్నీ అందులో ఉన్నాయి. మా వీధి బోరు కూడా ఉంది. ఇరవై అడుగుల దగ్గర నల్ల ఇసుక, డీజిల్ వాసన. నీరు తాగరాదు, మూత వేసి తాళం పెట్టాలి. కింద నీ సంతకం.

నువ్వు తాళం పెట్టలేదు. పరీక్ష బోరంటే వీధి అడ్డుపడుతుందని మంచినీళ్ల బోరన్నావు. చేతిపంపు బిగించావు. మీ అక్క దానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. నీలు కిరసనాయిలు కంపు కొడతన్నాయే అని ఎదురింటి జోగమ్మ అంటే, కొత్త పైపు వాసనే, నా తమ్ముడేసిన బోరు, నాను ముందు తాగుతాను సూడు అంది. తాగింది. మూడేళ్లు తాగింది. నేను పగలంతా స్టీల్ ప్లాంటులో ఉండేవాణ్ణి, అక్కడి నీళ్లు తాగేవాణ్ణి. ఆవిడ కిడ్నీలు పోయాయి. నీళ్ల వల్లేనని డాక్టరు అనలేదు. కాదనీ అనలేదు.

రాత్రే పంపు చెయ్యి ఊడదీసి ఇంట్లో పెట్టాను. పొద్దున్నే బిందెలతో వీధంతా గుమ్మంలో చేరింది. పెళ్లాం పోయి మతి సెడిందేటి బాబూ నీకు, ఆయమ్మ పేరు సెప్పుకుని తాగుతన్నాం, ఇచ్చెయ్ అని జోగమ్మ దెబ్బలాడింది. రిపోర్టు చూపించాను. ఇంగిలీసు కాయితం ఎవుడైనా రాత్తాడు అంది. పోయిన మనిషి మాట మీదే వాళ్లకి నమ్మకం. కాబట్టి పదిహేడో తేదీ ఆదివారం నువ్వు రా. ఆ పంపు దగ్గర నిలబడి, అందరి ముందూ నీ నోటితో చెప్పు. రాకపోతే వీధినంతా వెంటబెట్టుకుని నేనే నీ ఆఫీసుకి వస్తాను.

పైన రాసిన దీవెన అలవాటు కొద్దీ వచ్చింది. కొట్టేసుకో.

శివరామకృష్ణ

తా.క. రిపోర్టు చదవకుండా సంతకం పెట్టానని మాత్రం చెప్పకు. పెద్దకర్మ భోజనాల్లో అందరికీ ఆ బోరు నీళ్లే పోశాం. నువ్వు సంచిలోంచి సీసా తీసుకున్నావు. నీ పిల్లల ముందున్న గ్లాసులు పక్కకి జరిపేశావు. నీళ్ల మార్పు పడదు బావా అన్నావు. ఇదే ఊళ్లో గాజువాక నుంచి వచ్చినవాడికి నీళ్ల మార్పేమిటా అనుకున్నాను. ఆ రిపోర్టు అడిగింది అందుకే. జోగమ్మ మనవరాలు నీ పిల్లల పక్కనే కూర్చుంది. ఆ పిల్ల గ్లాసు నువ్వు జరపలేదు.