మూడు యాంటీవైరస్‌లలో ఒకటే ఉంచాను

మామయ్యగారూ, ఆస్పత్రి బస్సు వచ్చే వేళయింది, నేను డ్యూటీకి వెళ్తున్నాను. ఇది పూర్తిగా చదివాకే కంప్యూటర్ ముట్టుకోండి.

నిన్న తెర మీద ఎర్ర డబ్బా వచ్చి "మీ కంప్యూటర్లో నలభై మూడు వైరస్‌లున్నాయి" అనగానే మీరు హడలిపోయి మూడు యాంటీవైరస్‌లు ఎక్కించారు. ఆ డబ్బా వట్టి బెదిరింపు ప్రకటన. వెతికి చూశాను, వైరస్ ఒక్కటీ లేదు. మీరు ఎక్కించిన మూడూ ఒకదాన్నొకటి దొంగ అనుకుని కలబడ్డాయి, అందుకే కంప్యూటర్ మొరాయించింది.

సింహం బొమ్మది తీసేశాను, దానివల్ల అన్నీ నత్తనడక నడుస్తున్నాయి. గంట మోగించేది కూడా తీసేశాను, అయిదు నిమిషాలకోసారి భయపెట్టి ఇంకేదో కొనమంటోంది. నీలం డాలుది ఉంచాను. అది చప్పుడు చెయ్యకుండా తన పని తాను చేసుకుపోతుంది. ఈ ఇంట్లో అలాంటివాళ్ళని ఎవరూ పట్టించుకోరనుకోండి, అది వేరే సంగతి. అది అప్‌డేట్ అడిగితే సరే అనండి. ఇంకేది ఏమడిగినా నొక్కకండి. మీ అబ్బాయిని సలహా అడగకండి, నాలుగోది ఎక్కిస్తారు.

మీ ఆత్మకథ పోలేదు, కంగారుపడకండి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మీ కళ్ళజోడు పెట్టెలో పెట్టాను. సరిగ్గా ఎక్కిందో లేదోనని తెరిస్తే పన్నెండో పేజీ కనబడింది. టీలో చక్కెర వెయ్యడానికి నాకు చేతులు రావని రాశారు. వద్దన్నది డాక్టరు, నేను కాదు. ఆ వాక్యం దిద్దండి.

మర్చిపోయాను, అదే పేజీలో ఒకచోట "కోడలు" అనాల్సింది "కూతురు" అని పడింది. అచ్చుతప్పే అయినా, అది మాత్రం దిద్దకండి.