గోళ్లరంగు ఆరేదాకా కార్డు పెట్టకు

నాతానియేలూ, తప్పులుంటే సర్దుకుని చదువు. ముసలితనంలో నేర్చిన అక్షరాలు. ఈ కాస్త రాసేసరికే బయట ఆటోవాడు హారన్ కొడుతూ ఉన్నాడు.

నీ కంప్యూటర్ కార్డు ఫ్రిజ్ మీద ఉంది. అది వేరే రకం కంప్యూటర్‌లోది కాబట్టి, రెండు పిన్నులు కప్పితేగాని మీ నాన్న ఫోటో షాపు కంప్యూటర్‌లో పని చేయదన్నావు కదా. నువ్వు వాటికి పూసిన గోళ్లరంగు ఇంకా ఆరలేదు. ఆరిందేమోనని వేలు పెట్టి చూసేను, ఆ మరక నాదే. కోడలు జెస్సీని సీసా అడిగి మళ్లీ పూయి. పూర్తిగా ఆరేకే పెట్టు.

స్విచ్ వేసే ముందు పాస్టరు గారిని ప్రార్థనకి పిలవకు. పోయినసారి ఆయన ఆమెన్ అనేలోపే పాత కార్డు పొగ వదిలింది. అది కూడా సాక్ష్యంగా చెప్పుకుంటున్నారు ఆయన.

ఇదీ కాలిపోతే ఇంకోటి దొరకదన్నావు. మీ నాన్న పోయే ముందు రంగులు దిద్దుకున్న తన ఫోటో ఆ కంప్యూటర్ పెట్టెలో తప్ప ఎక్కడా లేదు. బతికున్నన్నాళ్లూ ఆ తెర ముందు కూర్చుని ఊళ్లో పెళ్లికూతుళ్లందరినీ తెల్లగా చేసేరు గాని, నా వంక తిరిగి చూడలేదు. ఇప్పుడు ఆయన ముఖం చూడాలంటే నేను ఆ తెర ముందు కూర్చోవాలి.

అమలాపురంలో స్త్రీల ప్రార్థన కూడికకి వెళ్తున్నాను. చేపల పులుసు వేడి చేసుకోండి.

కింద జాగా మిగిలింది. తెర వెలిగితే ఫోటో తెరవకుండా ఆగు. ముందు నన్ను ఒక్కదాన్నే కూర్చోనివ్వు. ఆయన్ని తిట్టాల్సినవి చాలా ఉన్నాయి, మీ ముందు బాగోదు.

మీ అమ్మ ఎస్తేరమ్మ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడుండేది రాజోలులో నీ ఇంట్లోనే.